చెక్క బీరువాలో నిశ్శబ్దం

బస్టాండులో పనిచేసే వాళ్ళందరికీ అతను మైకన్న. కన్నవాళ్ళు పెట్టిన పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా కనపడదు. ఏ బస్సు ఏ ప్లాట్‌ఫాం మీదికి వస్తుందో ఏళ్ళ తరబడి ఊరందరికీ చెప్పిన గొంతు అతనిది. కంచు మోగినట్టు అని జనం అలవాటుగా అనేస్తారు గానీ, మైకన్న గొంతు మోగేది కాదు, పక్కకొచ్చి చెప్పేది. పెట్టెలు మోసుకుని, పిల్లల్ని చంకనేసుకుని పరుగెత్తేవాళ్ళు కూడా ఆ గొంతు వింటే, బస్సింకా కదల్లేదులే అని కాస్త నెమ్మదించేవారు.

అయితే ఆ గొంతుని పూర్తిగా విన్నవాడు లేడు. తన బస్సు మాట వచ్చేదాకానే ఎవరికైనా చెవులు పనిచేస్తాయి. "ప్రయాణికులకు విజ్ఞప్తి" దగ్గర సగంమంది ముఖం తిప్పుకుంటే, ప్లాట్‌ఫాం నంబరు దగ్గర మిగతా సగం పరుగందుకునేవారు. "దయచేసి మీ సామాను జాగ్రత్తగా చూసుకోండి" అన్న చివరి ముక్క అతను ఉద్యోగం చేసినన్నాళ్ళూ గోడలకే చెప్పాడు. అందుకని మైకన్నకి ఒక కోరిక ఉండిపోయింది. ఎవరో ఒకరు కదలకుండా కూర్చుని, తను చెప్పేది మొదట్నించి చివరిదాకా వినాలి. అంతే. నవ్వుకుంటే నవ్వుకోండి. మేడలూ కార్లూ కోరుకునేవాళ్ళని చూసి నవ్వని లోకం ఇలాంటి కోరికలకే నవ్వుతుంది.

ఆ కోరిక తీరకుండానే బస్టాండుకి కొత్త యంత్రం వచ్చింది. ఎక్కడో రికార్డు చేసిన ఆడగొంతు అందులో కూర్చుని అన్ని బస్సుల పేర్లూ చదివేది. దానికి జలుబు చెయ్యదు, దగ్గు రాదు, సెలవడగదు. మైకన్నని పార్సిల్ కౌంటరుకి మార్చారు. అట్టపెట్టెల మీద చీటీలు అంటించే పనికి గొంతుతో పనేముంది? మొదట్లో ఆ యంత్రం పొరపాటున తప్పు ప్లాట్‌ఫాం చెబితే అతనికి లోలోపల సంబరంగా ఉండేది. తర్వాత అదీ పోయింది.

ఇక ఇంటి సంగతి. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మైకన్న రచ్చ గెలిచాడు గానీ, ఇంట ఆట మొదలవకముందే ఓడిపోయాడు. ఆ ఇల్లు అతనిది కాదు, మామగారిది. "వెనక గది ఖాళీగానే ఉంది కదా, వేరే అద్దె దేనికి?" అన్నారు పెళ్ళైన కొత్తలో. నాలుగు రోజులకని వెళ్ళినవాడి జుట్టు అక్కడే నెరిసింది. మొదట్లో "అల్లుడు గారూ" అని పిలిచిన మామగారు కొన్నాళ్ళకి "అల్లుడూ" అన్నారు, చివరికి "ఏమోయ్" దగ్గర స్థిరపడ్డారు. బస్టాండంతా వినపడే మనిషి ఆ ఇంట్లో నోట్లో నాలుక లేనివాడు. భోజనాల దగ్గర ఉప్పు అడగాలన్నా ఒకటికి రెండుసార్లు ఆలోచించేవాడు.

ఆ ఇంటికి అతను వెంట తెచ్చుకున్న వస్తువు ఒక్కటే, వాళ్ళమ్మ చెక్క బీరువా. మనిషి లోపల కూర్చుని తలుపు వేసుకునేంత పెద్దది. చిన్నప్పుడు అమ్మ తిట్టినప్పుడల్లా అందులోనే దాక్కునేవాడు. దానికి రెండు ఇత్తడి తాళంచెవులు, ఒకే రింగుకి.

అతని భార్య అంతకుముందు ఒక ఫోటో స్టూడియోలో పనిచేసేది. ఫోటోల్లో మొటిమలు తుడవడం, మూతపడిన కళ్ళు తెరిపించడం ఆవిడ పని. ఆ స్టూడియో మూసేస్తూ యజమాని పాత కంప్యూటరొకటి ఆవిడకి ఇచ్చేశాడు. అది కొన్నాళ్ళు గదిలో గుడ్డ కప్పుకుని పడుంది. పార్సిల్ కౌంటరుకి మారాక మొగుడు ఇంట్లో పెదవి విప్పడం మానేస్తే, ఆవిడే ఒకరోజు ఆ గుడ్డ తీసింది.

"దీంట్లో గొంతు రికార్డు చెయ్యొచ్చటండీ. ఇంట్లో కూర్చునే చేస్తున్నారట. మీరు చదవండి, నేను తుడుస్తాను" అంది.

ఆ మాటకి మైకన్న చాలా రోజుల తర్వాత నవ్వాడు. ఆ రోజు మొదలు ఇద్దరికీ అదే లోకమైంది. మంచి మైకు కొన్నారు. గదిలో చదివితే గోడలు మాటని తిరగ్గొట్టి, నూతిలోంచి మాట్లాడినట్టు వచ్చింది. అప్పుడు గుర్తొచ్చింది బీరువా. లోపల దుప్పట్లు, బొంతలు, చలికోట్లు వేలాడదీసి, మధ్యలో స్టూలు వేసుకుని, తలుపు దగ్గరగా వేసి చదివితే, పెద్ద స్టూడియోలో చదివినంత శుభ్రంగా వచ్చింది మాట. అత్తగారి ఎంబ్రాయిడరీ చట్రానికి పాత సాక్సు గుడ్డ బిగించి మైకు ముందు కట్టాడు, 'ప' అన్నా 'భ' అన్నా గాలి ఫెళ్ళున కొట్టకుండా. నోటికీ మైకుకీ మధ్య జానెడు దూరం. ముఖం కొంచెం పక్కకి. చదివేముందు ఆపిల్ ముక్క నమలాలి, లేకపోతే నాలుక అంగిలికి అంటుకుని చిటపటలాడుతుంది. గంజిపెట్టిన చొక్కా వేసుకోకూడదు, కదిలితే గరగరమంటుంది, అందుకని పాత బనీను. ఇవన్నీ ఎవరూ నేర్పలేదు, మొగుడూ పెళ్ళాం తప్పులు చేసి చేసి తెలుసుకున్నారు.

అన్నిటికన్నా ముందు చెయ్యాల్సిన పని ఒకటుంది, ఖాళీ పట్టడం. అంటే రికార్డింగు మొదలుపెట్టి, ఏమీ మాట్లాడకుండా కాసేపు ఊపిరి బిగబట్టి కూర్చోవాలి. ఆ ఖాళీలో వినపడే గది గోల ఏదో కంప్యూటరుకి చూపిస్తే, మాట కింద ఉన్న ఆ గోలని అది తీసేస్తుంది.

చదువుతూ చదువుతూ మాట తప్పితే ఏం చెయ్యాలన్నదానికీ వాళ్ళదొక పద్ధతి. తాళంచెవుల రింగు బీరువా లోపల దారానికి వేలాడేది. తప్పు పడగానే మైకన్న ఒక తాళంచెవితో తలుపు మీద ఒకసారి తట్టేవాడు. ఇంతవరకూ చదివింది తప్పు, తీసెయ్ అని దానర్థం. తర్వాత గొంతు సర్దుకుని రెండోసారి తట్టేవాడు. ఇక్కణ్ణించి మళ్ళీ సరిగ్గా చదువుతున్నాను, ఉంచు అని. కొట్టినప్పుడల్లా రెండో తాళంచెవి గలగలమనేది. ఆ దెబ్బలు కంప్యూటరు తెర మీద సూదుల్లా నిలబడితే, ఆవిడ తప్పిన వాక్యం మొదలు రెండో సూది దాకా ఉన్నదంతా, సూదులతో సహా, కత్తిరించేసేది. ఆ పనిలో ఆవిడ చెయ్యి ఒక్కసారి కూడా తప్పలేదు. నా గొంతు నాది కాదు, సగం నీ చెవులది అనేవాడు మైకన్న. మనిషి నమ్మితే అలాగే నమ్ముతాడు, మిగుల్చుకోకుండా.

వచ్చినవి చిన్నచిన్న పనులే. బట్టల కొట్టు వాళ్ళ ప్రకటన, పళ్ళ డాక్టరుగారి ఫోనులో "దయచేసి వేచి ఉండండి" అన్న మాట. ఒకసారి మామగారికి పన్ను నొప్పొచ్చి డాక్టరుకి ఫోన్ చేస్తే, అల్లుడి గొంతు వేచి ఉండమంది. "వీడు చెబితే నేను ఆగాలా" అని ఫోన్ పెట్టేసి, ఆ రాత్రంతా పన్ను పట్టుకుని కూర్చున్నారు.

కానీ ఆ ఇంట్లో నిశ్శబ్దం దొరకడం ఎంత కష్టమో చెప్పాలి. మైకన్న బీరువాలోకి వెళ్ళడం చూసే అత్తగారు కుట్టుమిషను తొక్కడం మొదలుపెట్టేవారా అన్నట్టుండేది. కుక్కరు కూత, టీవీ, మామగారు ఖాండ్రించడం, ఒకటి ఆగితే ఒకటి. అన్నిటికన్నా ఘోరం ఫ్రిజ్జు. వంటింట్లో చోటు లేక వెనక గది గోడకి ఆనించి పెట్టారు దాన్ని. అది గుర్రుమంటే బీరువా కూడా గుర్రుమనేది.

"అత్తయ్యా, ఒక్క పావుగంట ఫ్రిజ్జు ప్లగ్గు తీద్దామా?" అని అడిగాడొకసారి, మర్యాదగానే.

"పాలు విరిగిపోతాయి బాబూ" అన్నారావిడ.

"నీ కూతల కోసం ఇల్లంతా నోళ్ళు కుట్టేసుకోవాలా ఏమోయ్?" అన్నారు మామగారు.

మైకన్న మళ్ళీ అడగలేదు. గోలల మధ్య సందు చూసుకుని చదివేవాడు. ఫ్రిజ్జు ఆగినప్పుడు రెండు వాక్యాలు, కుక్కరు దించాక నాలుగు.

అలా ఉండగా ఒక సంస్థ సంగతి తెలిసింది. చూపు పోయినవాళ్ళ కోసం పుస్తకాలు చదివించి ఫోన్లలో వినిపిస్తారు. పెద్ద పుస్తకాలు, అధ్యాయాలకి అధ్యాయాలు. చదివేవాళ్ళు కావాలి, మచ్చుకి ఒక అధ్యాయం పంపమన్నారు. మైకన్నకి ఆ రోజు అన్నం సహించలేదు. చూపు లేనివాళ్ళు బస్సుకోసం పరుగెత్తరు. కూర్చుని వింటారు. చివరిదాకా వింటారు. ఇంతకాలానికి తన కోరిక వెతుక్కుంటూ వచ్చిందనుకున్నాడు.

మచ్చు అధ్యాయం రెండుసార్లు చదివాడు. మొదటిసారి మధ్యలో కుక్కరు కూసింది, కుట్టుమిషను పరుగెత్తింది. అది పనికిరాదని, మర్నాడు అత్తమామలు ఎవరింటికో వెళ్ళిన పూట చూసుకుని, ఇల్లు సద్దుమణిగి ఉండగా, ఫ్రిజ్జు ఆగిన సందుల్లోనే మళ్ళీ చదివాడు. చదవడం పూర్తయ్యేసరికి బనీను తడిసిపోయింది. చెవుల నుంచి హెడ్‌ఫోన్లు తీస్తూ భార్య కళ్ళు తుడుచుకుంది.

"ఎంత బాగుందండీ" అంది. "ఇదే పంపుతాను."

జవాబు క్లుప్తంగా వచ్చింది. గొంతు బాగుంది, వెనక ఇంటి గోల ఎక్కువగా ఉంది, తీసుకోలేం అని. శుభ్రంగా చదివినదానిలో గోలేమిటో మైకన్నకి అర్థం కాలేదు. వాళ్ళ దగ్గర పెద్ద యంత్రాలుంటాయి, మన చెవికి అందనివి వాటికి అందుతాయేమో అంది భార్య. కంప్యూటరు సంగతి ఆవిడకే తెలుసు కదా అని సరిపెట్టుకున్నాడు. కొన్నాళ్ళు బీరువా తలుపు తెరవలేదు.

ఇప్పుడు బావమరిది సంగతి. ఇంట్లో అందరూ చంటి అంటారు. మీసాలొచ్చి, పెళ్ళై, ఇద్దరు పిల్లలు పుట్టినా చంటే. చేతిలో ఉన్న ఉద్యోగం పోయి, రెండు వీధుల అవతల ఇంట్లో మంచం దిగకుండా పడుకుంటున్నాడని అత్తగారు పూటకోసారి కళ్ళొత్తుకునేవారు. అలాంటి చంటికి ఒకరోజు పని దొరికిందని ఇల్లంతా సంబరపడింది. ఏం పనంటే, ఆ సంస్థ పుస్తకాలే. స్నేహితుడికి అద్దాల గదుల స్టూడియో ఉందట, అక్కడ కూర్చుని చదువుతున్నాడట.

మైకన్న గుండెలో ముల్లు గుచ్చుకుంది. అబద్ధమెందుకు? గుచ్చుకుంది. కానీ కుళ్ళుకోవడం చేతకాని మనిషి. అద్దాల గదిలో గోల ఉండదు, వాడికి దొరికింది, నాకు దొరకలేదు అనుకున్నాడు. పైగా చంటిని కూర్చోబెట్టి, జానెడు దూరం, ఆపిల్ ముక్క, ముఖం పక్కకి తిప్పడం, అన్నీ తనే చెప్పాడు. చంటి బుద్ధిగా తలూపాడు. అప్పటికే అవన్నీ తెలిసినవాడిలా ఒక్క ప్రశ్నా అడగలేదని మైకన్నకి అప్పుడు తట్టలేదు. బస్టాండులో అందరికీ చెప్పుకున్నాడు, మా బావమరిది పుస్తకాలు చదువుతాడు, వినండి అని.

విన్నది కాటా పెద్దాయన. పార్సిల్ కౌంటరులో పెట్టెలు తూచే పెద్దమనిషి. కళ్ళకి పొరలు కమ్మి అక్షరాలు అలుక్కుపోతున్నాయని, మధ్యాహ్నం భోజనం చేశాక చెవులకి తీగలు పెట్టుకుని పుస్తకం వినేవాడు.

"మీ బావమరిది బానే చదువుతున్నాడు గానీ మైకన్నా, మధ్యలో ఎవరో తలుపు కొడుతున్నారు. ఈయన పోయి తియ్యకుండా, చదివిందే మళ్ళీ చదువుతున్నాడు" అన్నాడొకరోజు.

మైకన్న నవ్వుతూనే ఆ తీగలు తన చెవుల్లో పెట్టుకున్నాడు.

చంటి గొంతు. వాక్యం మధ్యలో తడబడ్డాడు. ఆ తర్వాత టక్‌మని ఒక దెబ్బ, వెనకే గలగల. కాస్త ఆగి మరో దెబ్బ, మళ్ళీ గలగల. ఆ వాక్యమే మళ్ళీ, ఈసారి సరిగ్గా.

ఆ గలగల లోకంలో ఇంకెక్కడా ఉండదు. చిన్నప్పుడు బీరువాలో దాక్కుంటే, తలుపు తీయడానికి వచ్చే అమ్మ చేతిలో వినపడిన గలగల అది. ఏ స్టూడియోలోనూ వాళ్ళమ్మ బీరువా లేదు.

"ఏంటి, నిజంగానే తలుపేనా?" అన్నాడు పెద్దాయన.

"తలుపే" అన్నాడు మైకన్న.

ఆ తీగలు తీసివ్వలేదు. అధ్యాయం మొదటికి వెళ్ళి మళ్ళీ విన్నాడు. ఈసారి చంటి గొంతు వినలేదు, ఆ గొంతు వెనక ఏముందో విన్నాడు. కుక్కరు కోసం చూశాడు, లేదు. కుట్టుమిషను లేదు. టీవీ లేదు. మామగారి దగ్గు లేదు. ఫ్రిజ్జు గుర్రు కోసం చెవులు రిక్కించి, వాక్యానికీ వాక్యానికీ మధ్య ఉన్న ప్రతి సందులోనూ వెతికాడు. ఎక్కడా లేదు. అధ్యాయమంతా ఏకధాటిగా సాగింది, తనలా రెండు వాక్యాలకోసారి ఆగి ముక్కలతికిన చదువు కాదది. ఒక్క గోలైనా వినపడితే బాగుండునని, ఒక్క గరిటె చప్పుడైనా చాలునని, అధ్యాయం చివరిదాకా విన్నాడు పాపం. ఆ ఇల్లు నోరు మూసుకోగలదని అతనికి ఇన్నాళ్ళూ తెలియదు.

ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగ ఒకడు కాడు, ఇల్లే దొంగ. ఫ్రిజ్జు ఆపినవాళ్ళెవరు? మిషను ఆపినవాళ్ళెవరు? ఆ తట్టడం అర్థం తెలిసి కత్తిరించే చెయ్యి ఎవరిది? చివరి ప్రశ్న దగ్గర మైకన్న ఆ తీగలు తీసి పెద్దాయన చేతిలో పెట్టేశాడు. ఆ చెయ్యి ఎన్నడూ తప్పలేదు. ఇప్పుడు తప్పిందంటే, మొగుడు ఇంటికొచ్చేలోగా పని ముగించాలని కంగారుపడి ఉంటుంది.

ఒంట్లో బాలేదని చెప్పి ఇంటికి బయలుదేరాడు. దారంతా తను పొరపడి ఉంటే బాగుండునని కోరుకుంటూనే నడిచాడు.

వీధి తలుపు దగ్గరగా వేసి ఉంది. తోస్తే చప్పుడు కాకుండా తెరుచుకుంది, కీళ్ళకి కొత్తగా నూనె వేశారు. ముందు గదిలో కుర్చీలో కూర్చున్న మామగారు, వచ్చిందెవరో చూడకుండానే, వేలు పెదాల మీద పెట్టి "ష్" అన్నారు. తర్వాత చూశారు. వేలు దించడం మర్చిపోయారు.

అత్తగారు చేత్తో గుండీలు కుడుతున్నారు. కుట్టుమిషను మీద దుప్పటి కప్పి ఉంది. కత్తెర కింద మెత్తటి గుడ్డ వేసి ఉంది, పెట్టినప్పుడు చప్పుడు కాకుండా. ఫ్రిజ్జు ప్లగ్గు పీకి, తీగ చుట్టి పైన పెట్టారు. గోడ మీద గడియారం లేదు. దాన్ని దించి దిండు కింద పెట్టారు. గడియారం ఆపమని అడగాలన్న ఆలోచన మైకన్నకి ఏనాడూ రాలేదు.

"ఇప్పుడొచ్చారేం బాబూ, ఒంట్లో బాలేదా?" అన్నారు అత్తగారు గుసగుసగా. పట్టుబడ్డాక కూడా, లోపల చదువుకి అడ్డమొస్తుందని, ఆవిడ గొంతు పెంచలేదు.

వెనక గది గుమ్మంలో నిలబడ్డాడు. భార్య చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని, తెరవైపు తిరిగి కూర్చుంది. వెనక ఎవరో నిలబడినట్టు తెలిసి, తల్లి అనుకుందేమో, తిరిగి చూడకుండానే అరచెయ్యి ఎత్తి ఆగమంది. మైకన్న ఆగాడు. బీరువా లోపల చంటి చదువుతున్నాడు, తప్పాడు, తట్టాడు, మళ్ళీ తట్టాడు, ముగించాడు. అప్పుడు ఆవిడ హెడ్‌ఫోన్లు తీసి వెనక్కి తిరిగింది.

ముఖంలో రంగు పోవడమంటే ఏమిటో మైకన్న ఆ రోజు చూశాడు.

"ఒక అధ్యాయంలో తట్టిన చప్పుళ్ళు తియ్యలేదు. అలాగే వెళ్ళిపోయింది" అన్నాడు.

"అయ్యో" అంది ఆవిడ. వెంటనే, "సంస్థవాళ్ళకి తెలిసిందా? మీరెవరికీ చెప్పలేదు కదా?"

ఆవిడ నోట వచ్చిన మొదటి మాట అది. ఆమె కళ్ళు దించుకుంది.

"చెప్పలేదు. ఒకటి అడుగుతాను. ఆ మచ్చు అధ్యాయం రెండుసార్లు చదివాను. ఏది పంపావు?"

ఆమె హెడ్‌ఫోన్ల తీగని వేలికి చుట్టుకుంది.

"శుభ్రంగా ఉన్నదే పంపానన్నావు."

"మొదటిది" అంది. "కుక్కరున్నది."

నమ్మి నానబోస్తే పుచ్చి బుర్రలయ్యాయట వెనకటికొకరికి. ఇలాంటి మాట తననుద్దేశించి ఎవరో ముందే చెప్పిపెట్టినట్టనిపించింది మైకన్నకి.

"అమ్మ ఏడ్చిందండీ. వాడు మంచం దిగడం లేదు, ఏమైపోతాడోనని భయమేసింది. మీకు ఉద్యోగముంది కదా. మీకిది సరదా అనుకున్నాను. వాడు కాస్త నిలదొక్కుకున్నాక మీకే చెబుదామని..."

"సరదా" అన్నాడు మైకన్న.

బీరువా తలుపు తెరుచుకుని చంటి బయటికొచ్చాడు. మైకన్న పాత బనీను వేసుకున్నాడు. చేతిలో సగం కొరికిన ఆపిల్ ముక్క.

"బావా, నీకు చెప్పేద్దామనే అన్నాను. అక్కే వద్దంది" అన్నాడు.

అప్పటికి అత్తమామలు కూడా గుమ్మం దాకా వచ్చారు. మైకన్నకి ఏడుపు రాలేదు. సిగ్గేసింది. మోసం చేసినవాళ్ళు నలుగురూ నిలబడి చూస్తుంటే, మోసపోయినవాడికి సిగ్గెందుకో దేవుడికే తెలియాలి. అద్దాల గది కథ నమ్మి, ఊరంతా చెప్పుకుని తిరిగిన తన ముఖం తనకే కనపడింది.

"అత్తయ్యా, ఫ్రిజ్జు ఆపమంటే పాలు విరిగిపోతాయన్నారు. ఇన్నాళ్ళుగా ఆపుతున్నారు కదా. విరిగాయా?"

అత్తగారు చీర కొంగు చివర చూసుకున్నారు. "లేదు బాబూ."

"అయిందేదో అయింది, అల్లుడు గారూ" అన్నారు మామగారు. 'గారు' మళ్ళీ వచ్చింది. "ఇంట్లోవాళ్ళ మధ్య ఇవన్నీ పట్టించుకోకూడదు. ఆ చెడిపోయిన అధ్యాయమేదో మీరు కాస్త దగ్గరుండి సరిచేయిస్తే..."

మైకన్న చంటిని పక్కకి తప్పుకోమని, తన బీరువాలోకి వెళ్ళి స్టూలు మీద కూర్చుని తలుపు వేసుకున్నాడు. లోపల చంటి చెమట వాసన.

బయట భార్యకి ఆశ పుట్టింది. చదువుతారేమో. ఆ అధ్యాయం ఆయనే చదివి పెడతారేమో. ఆయన మనసు వెన్న, తనకి తెలియదా. అలవాటు ప్రకారం హెడ్‌ఫోన్లు తగిలించుకుని, రికార్డింగు నొక్కి, వెనకున్నవాళ్ళకి కదలొద్దని సైగ చేసింది. నలుగురూ ఊపిరి బిగబట్టారు. ఆ ఇల్లు మొట్టమొదటిసారి అతని కోసం నిశ్శబ్దంగా ఉంది.

తెర మీద గీత తిన్నగా సాగుతోంది. ఆయన ఖాళీ పడుతున్నారనుకుంది. ఆ నిశ్శబ్దం ఎంత లోతుగా ఉందో లోపలున్నవాడికి తెలుస్తూనే ఉంది. తన ఊపిరి, తన గుండె చప్పుడు, అంతకుమించి లోకంలో ఏమీ లేదు. ఇది ఒక్క పావుగంట ఇమ్మని కదూ తను అడిగింది. నోరు తెరిచాడు. బస్టాండంతా నింపిన గొంతు, ఒక్క మాట కోసం వెతుక్కుని, దొరక్క మూసుకుపోయింది.

తర్వాత టక్‌మని ఒక దెబ్బ. వెనకే గలగల.

తెర మీద సూది లేచింది. ఇంతవరకూ ఉన్నది తప్పు, తీసెయ్. ఆ సంగతి ఆవిడకన్నా బాగా ఎవరికి తెలుసు? కుర్చీలో ముందుకి వంగి, రెండో దెబ్బ కోసం రెండు చేతులతో హెడ్‌ఫోన్లు చెవులకి అదుముకుంది.

బీరువా తలుపు కిర్రుమంది. దారం తెంపిన తాళంచెవులు మైకన్న చేతిలో ఉన్నాయి. వాటిని చొక్కా జేబులో వేసుకుని, ఎవరి ముఖం చూడకుండా గది దాటాడు. దాటుతూ ఫ్రిజ్జు తీగ విప్పి ప్లగ్గు పెట్టి, బస్టాండుకి వెళ్ళిపోయాడు. ఫ్రిజ్జు ఒకసారి కుదుపుకుని గుర్రుమనడం మొదలుపెట్టింది, తెరంతా ఆ గోలే నిండిపోయింది. ఆవిడ మాత్రం హెడ్‌ఫోన్లు తియ్యకుండా, ఆ గోలలోనే రెండో దెబ్బ వినపడుతుందేమోనని అలాగే కూర్చుని ఉంది.